నాట్యశిక్షణమున వేషధారణము: దాని చరిత్రము, మన కర్తవ్యము

నాట్యము నేర్చుట నేడు మన కుటుంబములలో సామాన్యవిషయమైనది. పట్టణములందే కాక చిన్న యూళ్ళయందును సాయంకాలమగుసరికి తాళపుకఱ్ఱ చప్పుడు వినవచ్చుచున్నది. కూచిపూడి, భరతనాట్యము, ఆంధ్రనాట్యము, పేరిణి, కథక్కు అను పేర్లతో తరగతులు వెలసినవి. మహానగరములలో పాశ్చాత్యపద్ధతుల నృత్తములును నేర్పబడుచున్నవి. బిడ్డను తరగతిలో చేర్చిన తల్లిదండ్రులు మొట్టమొదట నడుగు ప్రశ్న "ఏమి కట్టింపవలెను?" అనునది. ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని యథార్థమున చిన్నది కాదు. ఎవరు ఆడవచ్చును, ఎవరు ఆడరాదు, ఏ వేషము గౌరవప్రదము, ఏది నింద్యము అను వాదములలో పెక్కు గడచిన నూటయేబది సంవత్సరములలో ఈ వలువ చుట్టునే తిరిగినవి. ఆ చరిత్రము నెఱుగక వేషమును గూర్చి నియమములు చేయువారు తెలియకయే యన్యాయమున కొడిగట్టుదురు. కావున మాకు తెలిసినంతవఱకు ఆ వృత్తాంతమును ఈ మహాసభా సంచికా పాఠకుల సన్నిధి నుంచుచున్నాము.

శాస్త్రకారుల మతము

భరతముని నాట్యశాస్త్రమున అభినయము నాలుగు విధములుగా విభజింపబడినది. అవి ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ఆహార్యమనగా వేషము, భూషణములు, వర్ణలేపనము, రంగోపకరణములు. దీనికై ముని ప్రత్యేకముగ నొక యధ్యాయమునే వినియోగించెను. దేవతలకును, రాజులకును, తాపసులకును, ఆయా దేశముల స్త్రీలకును ఎట్టి వేష ముండవలెనో అందు వివరింపబడినది. ఈ విధులు పాత్రను ప్రేక్షకున కెఱిగించుటకై యేర్పడినవి గనుక రంగమునకు సంబంధించినవేగాని అభ్యాసమునకు సంబంధించినవి కావు. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొనవలెను.

అందే ముని మఱియొక మాట సెలవిచ్చెను. నాట్యమున బరువైన భూషణములు ధరింపరాదట. బరువువలన నటుడు అలసిపోవును, చెమర్చును, మూర్ఛిల్లినను మూర్ఛిల్లవచ్చును. కావున లక్కతో తేలికగా చేసిన నగలే మేలని యాయన నిర్ణయము. నాట్యమున నగ శరీరమునకు సేవకురాలు గాని యజమానురాలు కాదని దీని తాత్పర్యము. నేడు బిడ్డల మెడలను వంచునంత బరువుగల నగలను తగిలించి రంగమున నిలుపు పెద్దలు ఈ మాట నొకసారి తలపోయుట మంచిది.

నందికేశ్వరుని అభినయదర్పణమున గజ్జెల ప్రస్తావము కలదు. అవి కంచుతో చేయబడి, మంచి నాదము గలవై, నీలపు దారమున దృఢముగ ముడివేయబడి యుండవలెనని యందు చెప్పబడినది. నూఱనియు ఇన్నూఱనియు వాని సంఖ్యయు నిర్దేశింపబడినది. గజ్జె యాభరణము కాదు. తాళమును పాదమునుండి చెవికి చేర్చు వాద్యము. అందువలననే పెక్కు గురుకులములలో చేరిననాడే శిష్యునకు గజ్జె కట్టరు. అడుగు కుదిరి, కాలము తప్పని స్థితి వచ్చిన పిమ్మట పూజచేసి కట్టుదురు. తప్పటడుగునకు గజ్జె కట్టిన తప్పే గట్టిగ మ్రోగును.

కాకతీయుల కాలము

తెలుగుదేశమున నాట్యమును గూర్చి పుట్టిన గ్రంథములలో జాయపసేనాని నృత్తరత్నావళి మిక్కిలి ప్రసిద్ధము. జాయప కాకతి గణపతిదేవుని గజసాహిణి. క్రీ. శ. 1253-54 ప్రాంతమున నీ గ్రంథమును సంస్కృతమున రచించెను. ఎనిమిది యధ్యాయములలో మొదటి నాలుగింట మార్గమును, తక్కిన నాలుగింట దేశిని వివరించెను. శాస్త్రము నెఱిగిన సేనాని ప్రజల యాటలను సయితము శాస్త్రమర్యాదతో గ్రంథస్థము చేయుట మన జాతికి గర్వకారణము.

అట్టి దేశినృత్తములలో నొకటి పేరణి. నాటి గ్రంథములు వర్ణించిన పేరణి నర్తకుడు దేహమున తెల్లని భస్మము పూసికొని, శిరస్సు గొఱిగించుకొని శిఖ నుంచుకొని, పిక్కల నిండ గజ్జెలు ధరించువాడు. వస్త్రవైభవ మతనికి లేదు. అతని వేషమంతయు పిక్కలయందే యున్నది. ఏలయన అతని విద్యయు అచ్చటనే యున్నది. గజ్జెలలో నొక్కదానిని మాత్రము పలికించుట, అన్నిటిని పలికించుట, పిమ్మట నన్నిటి నణచుట అతని నేర్పు. పట్టుగుడ్డ యా పిక్కలను కప్పినచో విద్యయే కప్పబడును.

పాలంపేట రామప్పదేవాలయము 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో అది ప్రపంచవారసత్వ స్థానముగ గుర్తింపబడినది. అచ్చటి నల్లరాతి మదనికల నృత్యభంగిమలను చూచినవారు నాటి నర్తకుల వేషము నూహింపవచ్చును. నడుమున బిగువైన వస్త్రము, హారములు, కటిసూత్రములు, కాలి యందెలు కానవచ్చును. నేడు మనము నాట్యపు దుస్తు అని పిలుచు కుట్టిన వలువ యచ్చట లేదు. ఆ దుస్తు అనాదిసిద్ధమనియు, అది లేనిదే నాట్యము శాస్త్రీయము కాదనియు తలచువారికి ఆ రాళ్ళే సమాధానము చెప్పుచున్నవి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నటరాజ రామకృష్ణగారు (1923-2011) ఈ శిల్పములను, నృత్తరత్నావళిని ఆధారముగ గొని పేరిణిని పునరుద్ధరించిరి.

భాగవతుల వేషము

కృష్ణామండలమందలి కూచిపూడి గ్రామమున బ్రాహ్మణ భాగవతులు తరతరములుగ యక్షగానములను, కలాపములను ఆడుచు వచ్చిరి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ గ్రామమున పుట్టిన ప్రతి బాలుడును జన్మమున నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని నియమించెనని పరంపరగ చెప్పుకొందురు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672-1687) వీరి యాట చూచి మెచ్చి గ్రామము నిచ్చెననియు ప్రతీతి కలదు.

అచ్చట స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. అందువలన వేషము వారి విద్యలో ప్రధానాంగమైనది. సత్యభామ జడ కేవలము జుట్టు కాదు. అది పాత్ర యొక్క గర్వమునకు గుర్తు, తోడి విద్వాంసులకు సవాలు. భుజకీర్తులు, కిరీటములు తేలికయైన కఱ్ఱతో చేయబడుచుండెను. భరతముని లక్కనగలను గూర్చి చెప్పిన సూత్రమునే మన పల్లెలలోని పనివారు కఱ్ఱతో పాటించిరన్నమాట. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) సత్యభామగ రంగమున నిలిచినపుడు పురుషుడని పోల్చుట దుర్లభమని చూచినవారందఱు కొనియాడిరి.

ఈ సందర్భమున తెలంగాణమునందలి చిందు భాగవతులను స్మరింపకుండుట న్యాయము కాదు. మాదిగలలో నొక శాఖవారైన వీరు ఊరూర యక్షగానములాడి జీవించినవారు. వీరును తేలికయైన కఱ్ఱతో కిరీటములను, భుజకీర్తులను చేసికొనిరి. వీరిలో స్త్రీలును రంగమెక్కిరి. చిందు యెల్లమ్మ ఆ విద్యకు దేశమున పేరు తెచ్చినది. ఒకే కఱ్ఱ, ఒకే కిరీటము. కాని ఒకచోట అది శాస్త్రమని మన్నింపబడెను, వేఱొకచోట వాడవాడ తిరుగు ఆటగా చూడబడెను. వేషమున లేని తారతమ్యమును లోకము కట్టినవారి పుట్టుకనుబట్టి కల్పించినదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల?

కళావంతుల చీర

తెలుగుదేశమున ఆలయములయందును, ఆస్థానములయందును, వివాహాది శుభకార్యముల మేజువాణులయందును నృత్యగీతములను నిలిపినవారు కళావంతుల స్త్రీలు. క్షేత్రయ్య పదములను కూర్చుండియే కన్నులతో, చేతులతో విప్పిచెప్పు విద్య వారి సొత్తు. భామాకలాప గొల్లకలాపములను వారును ఆడిరి. వారికి నాట్యమునకై ప్రత్యేకముగ కుట్టించిన దుస్తు లేదు. సభకు కట్టుకొను పట్టుచీరయే నాట్యమునకును వలువ. కొంగును నడుమున బిగించి, పైని వడ్డాణము పెట్టుకొని, కాలికి గజ్జె కట్టినంతనే వేషము సిద్ధమగును. దక్షిణదేశపు నర్తకుల పందొమ్మిదవ శతాబ్దపు ఛాయాచిత్రములలో ఇఱుకు పైజామాపై చీరను బిగించి కట్టిన విధమును చూడనగును.

ఆ చీరకును గృహిణి చీరకును నేతలో భేదములేదు. అయినను ఆ కట్టు నిందకు గుఱియైనది. కందుకూరి వీరేశలింగంపంతులుగారు (1848-1919) మొదలగు సంస్కర్తలు మేజువాణులను తీవ్రముగ ఖండించిరి. 1893లో మద్రాసున సంఘసంస్కర్తలు భోగము మేళములకు పోవలదని రాజప్రతినిధికిని, గవర్నరుకును విజ్ఞాపనము పంపిరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు (1886-1968) శాసనసభలో దేవదాసీ నిషేధమునకై పాటుపడిరి. తుదకు 1947వ సంవత్సరపు మద్రాసు చట్టము బాలికలను దేవునకు సమర్పించుటను నిషేధించుటయే కాక, ఆలయప్రాంగణములయందును, దేవుని యూరేగింపులయందును స్త్రీ నాట్యమాడుటను సయితము చట్టవిరుద్ధ మొనర్చెను.

ఆడుబిడ్డల జీవితములను బాల్యముననే యొకరి యిష్టమునకు కట్టివేయు ఆచారము పోవుట ధర్మమే. దానికై పాటుపడినవారిలో ఆ కులమున పుట్టిన స్త్రీలును కలరు. ముత్తులక్ష్మీరెడ్డిగారి తల్లియు ఆ వంశీయురాలే. కాని దురాచారముతోపాటు విద్యయు, విద్యతోపాటు జీవికయు పోయిన సంగతిని మఱువరాదు. ఎందఱో స్త్రీలు గజ్జెలను పెట్టెలో పెట్టి తాళము వేసిరి; కూతుండ్రకు నేర్పుట మానిరి. సరిదె మాణిక్యాంబ వంటి కొలదిమంది మాత్రము తమ యభినయమును మనస్సున కాపాడి, అడిగివచ్చిన శిష్యుల కందించిరి. ఆంధ్రనాట్యమను పేర నేడు బాలికలు నేర్చుచున్నది వారు దాచిన ధనమే.

అభ్యాసపు చీర యెట్లు పుట్టినది

ఒకవైపు నిషేధము నడచుచుండగనే వేఱొకవైపు ఆ విద్య క్రొత్తయింటికి చేరుచుండెను. మద్రాసున ఇ. కృష్ణయ్యరు (1897-1968) అను న్యాయవాది సదిరునాట్యమునందలి గౌరవమును లోకమునకు చూపుటకై తానే స్త్రీవేషము ధరించి ఆడెను. ఆ కులపు స్త్రీ కట్టిన నింద్యమనబడు వేషము న్యాయవాది కట్టినపుడు ఉద్యమమైనది. 1931లో మద్రాసు సంగీత విద్వత్సభ కల్యాణి కుమార్తెల నాట్యమును తన వేదికపై నేర్పాటు చేసెను. 1932లో సదిరునకు భరతనాట్యమను పేరు పెట్టవలెనని తీర్మానము జరిగెను.

రుక్మిణీదేవి అరండేలు (1904-1986) పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళగారియొద్ద నేర్చి 1935 డిశంబరులో అడయారున తొలిప్రదర్శన మిచ్చెను. మఱుసటి యేడు కళాక్షేత్రము స్థాపింపబడెను. నేడు రంగమున మనము చూచు కుట్టిన దుస్తు, అనగా కాలు విడినపుడు ముందు విసనకఱ్ఱవలె విచ్చుకొను కుచ్చెళ్ళు గల వలువ, ఆ కాలమున రూపొందినదే. అడయారున నివసించిన ఇటలీదేశపు కుట్టుపని నేర్పరియగు శ్రీమతి కజాన్ అందుకు తోడ్పడినది. దేవాలయశిల్పములే దాని కాదర్శమని చెప్పబడినను, కత్తెర, సూది మాత్రము ఇరువదవ శతాబ్దమువి. తంజావూరు వంశపరంపరకు చెందిన బాలసరస్వతిగారు (1918-1984) మాత్రము తుదివఱకు తమ కులవృద్ధుల చీరకట్టు సంప్రదాయమునే యవలంబించిరి.

కళాక్షేత్రమున 1937లో నేతశాల నెలకొల్పబడెను. అచ్చటి శిష్యులకు అభ్యాసమున నూలుచీర వాడుక యయ్యెను. పైజామాపై మోకాలివఱకు మాత్రము వచ్చునట్లు పొట్టిగ కట్టి, కొంగును మడతలుపెట్టి భుజముమీదుగ తెచ్చి నడుమున బిగింతురు. ఈ కట్టునందు యుక్తి కలదు. అరమండియందు మోకాళ్ళు ఇరుప్రక్కలకు విచ్చుకొన్నవో లేదో, మడమలు కలిసియున్నవో లేదో, నడుము వంగినదో లేదో గురువుగారి కంటికి తెలియవలెను. మోకాలి తప్పు నేడు కనబడనిచో పదియేండ్లకు నొప్పియై కనబడును. నూలు చెమటను పీల్చును. బిగించిన కొంగు చేతికి అడ్డురాదు, కాలికి తగులదు. కూచిపూడి తరగతులలోను నేడు ఇట్టి కట్టే తఱచుగ నున్నది. వెంపటి చినసత్యంగారు (1929-2012) 1963లో మద్రాసున కూచిపూడి అకాడెమీ స్థాపించిన పిమ్మట బాలికలు వేలకొలది ఆ విద్య నభ్యసించిరి. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తిగారు (1940-2024) ఆ రెండు సంప్రదాయములను దేశదేశముల ప్రదర్శించిరి.

ఈ వృత్తాంతమువలన తేలినదేమి? కళావంతుల స్త్రీ బిగించి కట్టినపుడు నిందగ నెంచబడిన చీరయే పాఠశాలలో పొట్టిగ కట్టినంతనే క్రమశిక్షణమునకు చిహ్నమైనది. చీర మాఱలేదు, చూచు కన్ను మాఱినది.

ఇతరదేశముల పాఠములు

ఉత్తరదేశపు కథక్కున శిష్యులు సల్వారు కమీజు ధరించి ఓణీని అడ్డముగ కట్టుదురు. ఆ నాట్యమున చక్రములవలె తిరుగుటయు, నిలుచుండి పాదములను తాటించుటయు ప్రధానములు గనుక మోకాలు విచ్చి చూపవలసిన యగత్యము లేదు. కాలికి చిక్కని వలువ చాలును.

ఐరోపాయందలి బాలే నృత్యమునకు పారిసునగరమున పదునాలుగవ లూయీరాజు 1661లో నృత్యపరిషత్తును స్థాపించెను. తొలుత నర్తకులు ఆస్థానపు దీర్ఘవస్త్రములతోనే ఆడిరి. పదునెనిమిదవ శతాబ్దమున మరీ కమార్గో అను నర్తకి పాదముల నేర్పు కనబడుటకై పావడాను కొంత కుఱుచ చేయగా పెద్దలు తప్పుపట్టిరి. 1832లో మరీ తాలియోని గంటయాకారపు తెల్లని పావడాతో ఆడెను. పిమ్మట నదియే సంప్రదాయమైనది. నేడు శిష్యులు తొడుగు బిగువైన లియొటార్డు పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి వ్యాయామవీరుడు జూల్ లియొటార్డు పేర వెలసినది. అందలి ప్రయోజనమును మన పొట్టిచీర ప్రయోజనమే: తుంటి, మోకాలు, వెన్ను గురువునకు కనబడుట.

అయితే ఆ బాలేలోనే మనము నేర్వదగిన గుణపాఠ మొకటి కలదు. కాలిజోళ్ళు, మేజోళ్ళు చర్మపురంగున నుండవలెనని నియమము. కాని ఆ చర్మము తెల్లవారిదే. నల్లజాతి బాలికకు ఆ గులాబిరంగు మేజోడు తన కాలిని తనది కానట్లు చూపెడిది. న్యూయార్కున 1969లో ఆర్థరు మిచెల్ స్థాపించిన హార్లెం నృత్యశాల 1970 దశాబ్దమునుండి తమ నర్తకులకు వారివారి చర్మచ్ఛాయకు తగిన మేజోళ్ళు, జోళ్ళు వాడుక చేసినది. లండనున గోధుమవన్నె బాలే జోళ్ళు అంగడిలో దొరకుట 2018లో మొదలైనది. అంతవఱకు నల్లజాతి నర్తకులు రంగు పులుముకొనుచుండిరి. నియమము చేసినవారు బిడ్డలందఱిని దృష్టియం దుంచుకొననిచో చిన్న జోడును అవమానమగునని దీనివలన గ్రహింపవలెను.

మన కర్తవ్యము

పైని వ్రాసిన చరిత్రమునుండి మన సంఘము గ్రహింపవలసిన సంగతులు కొన్ని కలవు. వానిని సవినయముగ మనవిచేయుచున్నాము.

అభ్యాసమునకు వలువ వేఱు, రంగమునకు వేషము వేఱు. అభ్యాసమునకు కావలసినవి మూడే: మోకాలు కనబడుట, ఊపిరి ఆడుట, చెమట ఆఱుట. ముతకనూలు చీరయైనను, వదులైన సల్వారు కమీజుపై బిగించిన ఓణీయైనను, బాలురకు పంచె గాని పైజామా గాని యైనను చాలును. జుట్టు ముడిచియుండవలెను, చేతిగాజులు, ఉంగరములు తీసియుంచవలెను. ఇంతకుమించి యేది కావలెనన్నను గురువుగారి నడిగి తెలిసికొనవలెను; అంగడివాని నడుగవలదు.

ఎదుగు వయస్సున నున్న బాలికకు తన దేహమును గూర్చి సంకోచ ముండుట సహజము. లావనియు, సన్నమనియు, నలుపనియు తరగతిలో నొక్క మాట పడినచో ఆ బిడ్డ మఱునాడు రాదు. కొంగు జారునేమో యను భయముతో నిలిచిన బిడ్డకు జతులు తలకెక్కవు. ఏ వలువలో బిడ్డ నిర్భయముగ నిలుచునో యదియే యామెకు తగిన వలువ యని తల్లులును గురువులును భావింతురుగాక.

రంగవేషము ఖరీదైనది. పట్టు, కుట్టుకూలి, నగలు, జడసామగ్రి కలిసినచో పేదకుటుంబమునకు భారము. నాలుగేండ్లు శ్రద్ధతో నేర్చిన పిల్ల దుస్తు లేక వెనుకవరుసలో కూర్చుండుట మన కందఱకు తలవంపు. బిడ్డ యెదుగుచుండును గనుక ఒక్కొక్క దుస్తు రెండు మూడేండ్లకంటె నుపయోగపడదు. పిమ్మట పెట్టెలో పడియుండును. కలిగినవారు అట్టి దుస్తులను సంఘమున కప్పగించినచో ఒక వేషభాండార మేర్పడును. అందుండి యే పిల్లకైనను ఉచితముగ నిచ్చి, ఆట ముగిసిన పిమ్మట తిరిగి పుచ్చుకొనవచ్చును. ఒక బీరువా, ఒక పుస్తకము, ఓపికగల ఒక సోదరీమణి దీనికి చాలును. ఈ మహాసభ దీనిని తీర్మానముగ గైకొనవలెనని మా ప్రార్థన.

తుదిమాట. తరగతిలో బిడ్డలకు అడుగులు నేర్పునప్పుడు ఆ విద్య యెవరి చేతినుండి వచ్చినదో యొక్కమాటైనను చెప్పవలెను. కూచిపూడి భాగవతులను చెప్పుదురు, మంచిదే. చిందు భాగవతులను, కళావంతుల స్త్రీలను సయితము చెప్పవలెను. పుట్టుకనుబట్టి మనుష్యుని తక్కువచేయుట యెంత బాధాకరమో కులసంఘముగ నేర్పడిన మనకు వేఱొకరు బోధింపనక్కఱలేదు. తమ చీరకు నింద మోసి, తమ గజ్జెలను పెట్టెలో దాచి, విద్యను మాత్రము చావనీయని ఆ తల్లుల ఋణము మన బిడ్డల ప్రతి యడుగునందును కలదు. నడుమునకు కొంగు బిగించుకొనునపుడు మన యాడుబిడ్డ ఆ తల్లుల నొక్కసారి తలచుకొన్నచో, ఆ నూలుచీరయే పట్టుపుట్టమునకంటె మిన్నయగును.

ఈ సంకల్పమునకు సోదర సోదరీమణు లందఱు తోడ్పడుదురుగాక యని కోరుచు విరమించుచున్నాము.